బంటు నిద్ర

రోజు బాడుగకు కారు మాట్లాడుకున్నప్పుడు మనం కొనుక్కున్నది సరిగ్గా ఏమిటి? కిలోమీటర్లా, డ్రైవర్ నైపుణ్యమా, లేక ఆ మనిషి పన్నెండు గంటలా? కిలోమీటర్లకు రేటుంది, బత్తాకు రేటుంది. మనం ఊరు చూస్తున్నంతసేపూ అతను కారు దగ్గర గడిపే కాలాన్ని మాత్రం ‘వెయిటింగ్’ అని ఒక్క మాటలో తేల్చేస్తాం.

తాళ్లపాకలో ఈ ప్రశ్న నన్ను పట్టుకుంది. రుద్రవరం నుంచి తెల్లవారకముందే బయలుదేరి ఆళ్లగడ్డ, మైదుకూరు, కడప మీదుగా వెళ్లాం. మా వైపు వాళ్లకు అన్నమయ్య (1408–1503) పరాయివాడేం కాదు. మా పక్కనున్న అహోబిలం మఠానికి చెందిన ఆదివన్ శఠకోప యతి దగ్గర వేదాంతం చదువుకున్నాడని ప్రతీతి. రాజంపేట దగ్గరపడుతుండగా రోడ్డు పక్కన 108 అడుగుల విగ్రహం కనిపిస్తుంది. ఊళ్లో చెన్నకేశవుడి గుడి. 32 వేల కీర్తనలు చెప్పాడని మనవడు చిన్నన్న ద్విపదలో రాసుకున్న మనిషి పుట్టిన చోటు అది.

“నువ్వు గూడా రాన్నా” అన్నాను డ్రైవర్‌తో.

“మీరు పోయిరాండి సార్. బండి నీడకు పెట్టుకోని రోంతసేపు పండుకుంటా.”

లోపల మాతో వచ్చినావిడ ‘బ్రహ్మమొక్కటే’ పాడారు. రాజు పోయే నిద్ర, ఆ పక్కనే బంటు పోయే నిద్ర రెండూ ఒకటే అంటాడు అందులో అన్నమయ్య. వింటుంటే, బయట సీటు వెనక్కి వాల్చుకుని పడుకున్న మనిషి గుర్తొచ్చాడు.

నిజంగా ఒకటేనా? కళ్లు మూతపడ్డాక ఒకటే కావచ్చు. కులాల పేర్లు కూడా ఎత్తి అంతా ఒకటేనని 15వ శతాబ్దంలో పాడటం చిన్న సంగతేమీ కాదు. రాగిరేకులకెక్కిన ఆ కీర్తనలు తిరుమల గుడిలో రాతిగదిలో శతాబ్దాలుండి, 20వ శతాబ్దంలో గానీ అచ్చుకు రాలేదు. అయినా ఒక చిక్కు మిగిలే ఉంది. రాజు నిద్రను బంటు చెడగొట్టలేడు. బంటు నిద్రను రాజు ఎప్పుడైనా చెడగొట్టగలడు, ఇవాళైతే ఒక్క ఫోన్ కొడితే చాలు. తేడా అంతా లేపే హక్కు దగ్గరుంది. వేదాంతం చెప్పే సమానత్వం ఆ హక్కు జోలికి పోదు.

“భోజనం పెట్టించాం, బత్తా ఇచ్చాం, లోపలికీ రమ్మన్నాం, ఇంకేం చేయాలి?” అనొచ్చు. పిలవడం మంచిదే. కానీ డబ్బిచ్చేవాడి పిలుపులో ఎంతో కొంత ఆజ్ఞ కలిసే ఉంటుంది. ఇక “రాత్రి బండి తోలాలి, పడుకోనీ” అనే మన దయలో సగం మన ప్రాణభయమే. అలా చూస్తే అతని నిద్ర కూడా మన పనిలో భాగమైపోతుంది.

మరి చేయగలిగిందేమిటి? “మూడింటిదాకా పిలవం” అని ముందే చెప్పి, ఆ మాట నిలబెట్టుకోవడం. మన పని ముందే అయిపోతే ఏ చెట్టు కిందో కూర్చోవడం. దీంతో రాజూ బంటూ అనే ఏర్పాటేమీ మారిపోదు. కానీ ఆ రెండు గంటలూ అతనివే అవుతాయి. ఎవరూ లేపరన్న నమ్మకంతో కళ్లు మూసుకున్నప్పుడే, నా లెక్కలో, బంటు నిద్ర రాజు నిద్రతో సమానం.