పై ఊరి వాన

మన్యంలో ఒకే కొండను ఆనుకుని రెండు ఊళ్లుండేవి. శిఖరానికి దగ్గరగా పై ఊరు, వాలులో కింది ఊరు. రెండూళ్ల ఆడవాళ్లూ తెల్లారకముందే బిందెలతో గెడ్డకు దిగేవారు. ఇసుకలో చలమ తీసి, నీరు ఊరేదాకా కూర్చుని, చిప్పతో తోడుకునేవారు. వానాకాలంలో గెడ్డ ఎర్రగా పారేది. ఆ నీళ్లు తాగి పసిపిల్లలు విరేచనాలతో వాడిపోయేవారు. రోడ్డు లేదు. డోలీ కట్టి కొండ దించేలోపే కొందరు కళ్లు మూసేవారు.

కింది ఊరికి కాస్త ఎగువన, పనసచెట్టు మొదట్లో ఒక ఊట ఉంది. ఒక ఇంజనీరు వచ్చి చూశాడు. ఊట చుట్టూ సిమెంటు తొట్టి కట్టి మూత వేశారు. పశువులు తొక్కకుండా కంచె వేశారు. గులకరాళ్లూ ఇసుకా నింపిన వడపోత తొట్టి మీదుగా గొట్టం దించారు. మోటారు లేదు, కరెంటు లేదు. వాలే నీటిని ఊళ్లోకి తెచ్చింది. గొట్టాలన్నీ ఊరివాళ్లే భుజాల మీద మోసుకొచ్చారు. ఆ ఏడు వానలకు ఊళ్లో డోలీ కట్టవలసిన పని పడలేదు.

కొన్నేళ్లు గడిచాయి. ఒకసారి ఇటుకల పండగ నాటికి కుళాయి సన్నబడింది. మరుసటేడు పండగకు ముందే ఆగిపోయింది. గొట్టం పొడవునా తవ్వి చూశారు, అతుకులు మార్చారు, ఉన్న ట్యాంకు పక్కన ఇంకా పెద్దది కట్టారు. అది ఎండలో ఖాళీగా నిలబడింది. పై ఊరివాళ్లే ఏదో చేసి ఉంటారని కుర్రాళ్లు కర్రలు పట్టుకున్నారు.

మేకలు కాసే ముసలమ్మ వాళ్లకు అడ్డం నిలబడింది. "ఆగండ్రా బాబూ. ఊట యాడ నుంచొస్తందో ఎప్పుడైనా సూసినారా? కొండకి అవతల పక్క రాతి పలకలన్నీ మనేపుకే వాలున్నాయి. అటు పడ్డ వానే ఇటు ఊరతంది. నా సిన్నప్పుడు అదంతా అడివి. ఇప్పుడు బోడికొండ."

ఆ అవతలి వాలు పై ఊరిదే. పెద్దలు నలుగురు పై ఊరికి ఎక్కారు. అక్కడి పెద్ద వాళ్లను కూర్చోబెట్టి చోడి అంబలి పోయించాడు.

"మామా, ఆ వాలులో సెట్లెందుకు కొట్టేసినారు?"

"పోడు కొట్టకపోతే తినేదేటి అల్లుడా?" అన్నాడాయన. అంతలో ఆడవాళ్లు బిందెలతో ఆయాసపడుతూ గెడ్డ నుంచి పైకొచ్చారు. ఆయన అటు చూపించాడు. "మా మీద పడ్డ వాన మీకు కుళాయి అయింది. మా ఆడోళ్లింకా గెడ్డకే దిగతన్నారు. గొట్టం ఏసిన నాడు మమ్మల్నొక్కరైనా అడిగినారా?"

ఎవరూ మాట్లాడలేదు. అంబలి తాగి అక్కడే కూర్చున్నారు. మాటలు పొద్దుపోయేదాకా సాగాయి. ఎదురు కొండ మీద, పై ఊరికంటే ఎత్తులో ఇంకో ఊట ఉంది. మూలం ఎత్తులో ఉంటే గొట్టంలో నీరు లోయ దిగి మళ్లీ ఎక్కుతుంది. ఆ గొట్టం మోయడానికి, పాతడానికి కింది ఊరు కూలి లేకుండా ఒప్పుకుంది. పై ఊరు తన అవతలి వాలులో పోడు మానుకుంది. అడ్డంగా కందకాలు తవ్వి, నీడచెట్లు పెంచి, వాటి కింద కాఫీ మొక్కలు పెట్టింది. కాఫీ కాపుకొచ్చేదాకా కింది ఊరు తన పంటలోంచి చోడి పంపింది.

మూడో వేసవికి కింది ఊరి కుళాయి సన్నగానే అయినా ఆగకుండా పారింది. పై ఊళ్లోనూ ఒక కుళాయి పారింది.

నీతి: కొండమీద నీటి పథకం ఊట దగ్గర మొదలు కాదు, వాన పడే వాలు దగ్గర మొదలవుతుంది. ఆ వాలులో బతికే మనిషికి దాహం తీరకుండా కింద కుళాయి నిలవదు.

కథలోని ఊళ్లు కల్పితం, రాతి పలకల సంగతి మాత్రం నిజం. రాతిపొరల వాలును బట్టి, ఊటను నింపే వాన ఒక్కోసారి కొండ అవతలి పక్కన, వేరే ఊరి భూమిలో పడుతుంది. హిమాలయాల్లో దాదాపు సగం ఊటలు ఎండుతున్నాయని, లేదా వాటి నీరు తగ్గుతోందని 2018లో నీతి ఆయోగ్ నివేదిక చెప్పింది. సిక్కిం అంతకు పదేళ్ల ముందే, 2008లో, ధారా వికాస్ పేరుతో పని మొదలుపెట్టింది. ఏ వాలు ఏ ఊటను నింపుతోందో భూగర్భశాస్త్రంతో గుర్తించి, ఆ వాలులోనే ఉపాధి హామీ కూలితో కందకాలు తవ్వించింది. ఎండిన ఊటలు కొన్ని తిరిగి పారాయి.

మన తూర్పు కనుమలకూ ఈ దారి పనికొస్తుంది. 2019 ఆగస్టు 15న ప్రకటించిన జల్ జీవన్ మిషన్ మనిషికి రోజుకు 55 లీటర్లు ఇంటికే ఇస్తామంది. ఇది చాలా మంచి మాట. కానీ ఆ 55 లీటర్లు వేసవిలోనూ రావాలంటే, అంచనాల్లో గొట్టానికీ ట్యాంకుకీ రాసినట్టే పై వాలుకూ డబ్బు రాయాలి. పోడు మానుకున్న కుటుంబానికి కాపు వచ్చేదాకా తిండి ఎలాగో కూడా అందులోనే తేల్చాలి. ఆకలితో ఉన్నవాణ్ని అడవి కాయమనడం అన్యాయం.

ఊట ఎంత ఇస్తోందో తెలుసుకోవడానికి పెద్ద యంత్రాలేమీ అక్కర్లేదు. బకెట్టు నిండడానికి ఎన్ని సెకన్లు పట్టిందో నెలకోసారి రాసుకుంటే చాలు. పాడేరు, అరకు కొండల్లో గొట్టం వేసిన ప్రతి ఊట దగ్గరా అలాంటి నోటుపుస్తకం ఒకటి ఉండాలి. దాన్ని పై ఊరు ఒక నెల, కింది ఊరు ఒక నెల రాయాలి.