పందెం కాసే హక్కు

అణువిద్యుత్తు కొనాలా వద్దా అని ఓటు వేసే అధికారం రాజమహేంద్రవరం నగరపాలక సంస్థకు లేదు. మన ఇళ్లకు కరెంటు కొని తెచ్చేది తూర్పు ప్రాంత విద్యుత్ పంపిణీ సంస్థ. ఆ కొనుగోలు ఒప్పందాలను పరిశీలించి ఆమోదించేది రాష్ట్ర విద్యుత్ నియంత్రణ మండలి. అంతమాత్రాన ప్రశ్న మనది కాకుండా పోదు. శ్రీకాకుళం జిల్లా రణస్థలం మండలం కొవ్వాడ తీరంలో ఒక్కొక్కటి 1,208 మెగావాట్ల చొప్పున ఆరు రియాక్టర్లు కట్టాలని కేంద్ర ప్రభుత్వం తలపెట్టింది. అవి కట్టి, అందులో రాష్ట్రం వాటా తీసుకుంటే, దాని ఖరీదు మన బిల్లుల్లోంచే వెళుతుంది. ఆ మాటకొస్తే ఈ వ్యవహారంలో మనం ఇప్పటికే ఉన్నాం. కల్పాక్కం, కైగా కేంద్రాల కరెంటులో రాష్ట్రానికి వాటా ఉంది. భద్రాచలానికి ఎగువన అశ్వాపురంలో, మణుగూరు భారజల కర్మాగారం గోదావరి నీటితోనే నడుస్తోంది. అణువిద్యుత్తు మంచిదా చెడ్డదా అన్న చర్చ చాలాకాలంగా జరుగుతూనే ఉంది. అంతకంటే ముందు తేలవలసిన ప్రశ్న మరొకటి ఉంది. ఒక నగరం తన అవసరం కోసం వేటిని పందెం కాయవచ్చు? వేటిని కాయకూడదు?

ఈ ప్రశ్నను తెలుగులో మొదట పద్యంగా వినిపించిన ఊరు ఇదే. రాజరాజ నరేంద్రుడి కొలువులో నన్నయ తెనిగించిన మహాభారత భాగంలో సభాపర్వం ఉంది. నిండుసభకు రమ్మని కబురు వచ్చినప్పుడు ద్రౌపది మొరపెట్టుకోలేదు, ప్రశ్న వేసింది. ధర్మరాజు ముందు తనను తాను ఓడాడా, నన్ను ఓడాడా? తనను తాను ఓడిపోయినవాడికి మరొకరిని ఒడ్డే హక్కు ఎక్కడిదని దాని సారాంశం. భీష్ముడంతటివాడు ధర్మం సూక్ష్మమని తప్పుకున్నాడు. జవాబు చెప్పినవాడు కౌరవుల్లోనే చిన్నవాడైన వికర్ణుడు. అతడు చూపిన కారణాల్లో ఒకదాన్ని మనం తగినంతగా పట్టించుకోలేదని నాకనిపిస్తుంది. ద్రౌపది అయిదుగురికీ ఉమ్మడి, ఆమెను ఒక్కడే ఒడ్డాడు కనుక ఆ పందెం చెల్లదన్నాడు. ఆమెను సొత్తుగా లెక్కగట్టిన ఆ కాలపు చూపు మనకు సమ్మతం కాదు. కానీ ఆ వాదంలోని న్యాయసూత్రం గట్టిది. ఆట ధర్మబద్ధంగా జరిగిందా, పాచికల్లో మోసం ఉందా అన్నవి తరవాతి మాటలు. ఒడ్డినది ఒడ్డినవాడిదేనా అన్నది తొలి మాట.

ఉమ్మడి సొత్తు విషయంలో మన ధర్మశాస్త్రం దీన్ని ఇంకా స్పష్టంగా చెప్పింది. చాళుక్యుల కల్యాణిలో విజ్ఞానేశ్వరుడు రాసిన మితాక్షర శతాబ్దాల పాటు ఆంధ్రదేశంలో ఆస్తి వ్యవహారాలకు ఆధారం. పదమూడో శతాబ్దిలో కేతన దాన్ని తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. దాని ప్రకారం తాతల నాటి ఆస్తిలో పుట్టిన బిడ్డకు పుట్టుకతోనే హక్కు ఉంటుంది. కడుపులో ఉన్నవాళ్లకూ, ఇంకా కడుపున పడనివాళ్లకూ కూడా బతుకుతెరువు కావాలి కనుక ఇంటిపెద్ద ఆ ఆస్తిని ఇష్టం వచ్చినట్టు అమ్మడానికి వీల్లేదు. ఆపద వచ్చినప్పుడు, కుటుంబం నిలబడటానికి, ధర్మకార్యానికి మాత్రం ఆ వీలుంది. 1856లో హనుమాన్‌ప్రసాద్ పాండే కేసులో ప్రీవీ కౌన్సిలు దీనికి మరో మెట్టు చేర్చింది. మైనరు ఆస్తి తాకట్టు పెట్టుకుని అప్పిచ్చేవాడు కూడా ఆ అవసరం నిజంగా ఉందో లేదో విచారించుకోవాలి. అంటే భారం తీసుకునేవాడి మీద కూడా ఉంది. భూమి, నీరు, సముద్రం ఉమ్మడి సొత్తులయితే, ఈ తరం వాటికి ఇంటిపెద్ద మాత్రమే. కరెంటు కొనే నగరం ఆ తాకట్టు పుచ్చుకునేవాడి స్థానంలో ఉంటుంది. అవసరం ఉందని ఎవరో చెప్పారు, నమ్మి కొన్నాను అనడం చాలదు.

అవసరాన్ని విచారించుకున్న నగరాలు లేకపోలేదు. అమెరికాలో వాషింగ్టన్ రాష్ట్రపు ప్రజా విద్యుత్ సంస్థ అయిదు అణు కేంద్రాలు తలపెట్టింది. నాలుగు, అయిదు కేంద్రాల్లో వాటా తీసుకోవాలా అని 1976లో సియాటిల్ నగరం ముందుకు ప్రశ్న వచ్చింది. 1990 నాటికి తమకు నిజంగా ఎంత కరెంటు కావాలి, పొదుపుతో ఎంత తగ్గించవచ్చు అని అధ్యయనం చేయించి, నగర మండలి వద్దంది. వాటా తీసుకున్న 88 సంస్థల్లో చిన్న చిన్న ఊళ్లవి ఎన్నో. 1982లో ఆ రెండు కేంద్రాలూ మధ్యలో ఆగిపోయాయి. 1983లో 225 కోట్ల డాలర్ల బాండ్లు చెల్లించలేక ఆ సంస్థ చేతులెత్తేసింది. అయిదింటిలో పూర్తయింది ఒక్కటే. టెక్సాస్‌లో మనవాళ్లు ఎందరో స్థిరపడ్డ ఆస్టిన్ నగరానికి దక్షిణ టెక్సాస్ అణు కేంద్రంలో 16 శాతం వాటా ఉంది. అక్కడే మరో రెండు రియాక్టర్ల ప్రతిపాదన 2009లో వస్తే ఆ నగరం వద్దంది. శాన్ ఆంటోనియో ముందు సిద్ధపడింది, ఖర్చు అంచనా వందల కోట్ల డాలర్లు పెరిగిందని బయటపడ్డాక వెనక్కి తగ్గింది. కొవ్వాడకు ఎంచుకున్న ఏపీ1000 రియాక్టర్ల చరిత్ర కూడా ఇలాంటిదే. జార్జియాలోని వోగ్టిల్‌లో అలాంటివి రెండు పూర్తయ్యేసరికి 2024 వచ్చింది, ఖర్చు తొలి అంచనాకు రెట్టింపు దాటింది. దక్షిణ కరొలినాలో 2017లో సగంలో వదిలేశారు. తయారీదారు వెస్టింగ్‌హౌస్ ఆ ఏడాదే దివాలా పిటిషను వేసింది. చైనాలో అవే రియాక్టర్లు 2018 నుంచి చక్కగా నడుస్తున్నాయన్నదీ నిజమే. ఈ నష్టాలు చూసి అణువిద్యుత్తు తప్పని నేను అనను. అక్కడ నగరాలు ఒడ్డింది ప్రధానంగా తమ డబ్బు. తన డబ్బును పోగొట్టుకునే హక్కు నగరానికి ఉంది. వికర్ణుడికి ఆ పందెం మీద అభ్యంతరం ఉండదు.

చిక్కంతా డబ్బు కానిదాన్ని ఒడ్డినప్పుడు. ఇందుకు అమెరికా దాకా పోనక్కర్లేదు. రాజమహేంద్రవరం చుట్టూ జేగురుపాడు, వేమగిరి, ఏటికి అవతల విజ్జేశ్వరం గ్యాసు కరెంటు కేంద్రాలు వెలిశాయి. సముద్రంలో గ్యాసు దండిగా ఉందన్న నమ్మకం మీద వేమగిరిలో 768 మెగావాట్ల కేంద్రం కట్టారు. గ్యాసు ఉత్పత్తి పడిపోయి అది దిక్కులేకుండా నిలిచిపోయింది. అది డబ్బు నష్టం, బ్యాంకులూ పెట్టుబడిదారులూ భరించారు. కానీ గ్యాసు తవ్వకానికి, తరలింపుకు ఒడ్డినవి కోనసీమ పల్లెలు. 1995 జనవరిలో పాసర్లపూడి బావి బద్దలై 65 రోజులు మండింది. 2014 జూన్ 27 తెల్లవారుజామున నగరం గ్రామంలో పైపులైను పేలి ఇరవై మందికి పైగా చనిపోయారు. తమ కొబ్బరితోటల కిందుగా వెళ్లే ఆ గొట్టం తమకు సమ్మతమేనా అని ఆ ఊరిని అడిగినవాళ్లెవరు? ఎగువన పోలవరంలో 960 మెగావాట్ల జలవిద్యుత్ కేంద్రం కోసం, సాగునీటి కోసం లక్ష కుటుంబాల వరకు ఊళ్లు వదలాలి. వాళ్లలో కొండరెడ్లు, కోయలు ఎక్కువ. ఆ నీళ్లూ వెలుగూ దిగువన ఉన్న మనకు. డెల్టా ఒక పందెంలో ఒడ్డబడింది, మరో పందెంలో ఒడ్డే పక్షాన కూర్చుంది. రెండు స్థానాలూ తెలిసిన ఊరు కనుకనే కొవ్వాడ విషయంలో మనకు తెలియదని తప్పుకునే వీలు లేదు.

దీనికి గట్టి ఆక్షేపణ ఒకటుంది. ఏ కరెంటు ఎవరినీ ఒడ్డకుండా వస్తుంది? బొగ్గు పొగ ఏటా ప్రాణాలు తీస్తోంది. యూనిట్ల లెక్కన చూస్తే, చెర్నోబిల్, ఫుకుషిమా కలుపుకున్నా అణువిద్యుత్తు వల్ల పోయిన ప్రాణాలు బొగ్గు కంటే చాలా తక్కువ. బొగ్గుపులుసు గాలి పెరిగి సముద్రమట్టం లేస్తే ముందు మునిగేది ఈ డెల్టాయే. ఉప్పాడ తీరాన్ని కడలి కోసేస్తూనే ఉంది. కొవ్వాడ వద్దంటే బొగ్గుకు ఓటు వేసినట్టే కదా? ఈ వాదంలో అబద్ధం లేదు. నిజానికి మితాక్షర చెప్పిన ఆపద అనే మినహాయింపును ఇంత బలంగా చూపగలిగే వాదం మరొకటి లేదు. అయితే అది అవసరాన్ని నిరూపిస్తుంది గాని, సమ్మతి అక్కర్లేదని నిరూపించదు. బొగ్గు ఎవరినీ అడగకుండా చంపుతోంది కనుక రియాక్టరు కూడా అడగకుండా రావచ్చనడం, ఒక అన్యాయాన్ని మరొకదానికి కొలబద్ద చేయడమే. రణస్థలం మత్స్యకారులు తమ వేట, తమ తీరం, తమ ఊరు విడవాలి. పరిహారం ఇస్తున్నాం కదా అంటారు. పరిహారం సమ్మతి తరవాత జరగాల్సిన పని, సమ్మతికి బదులు కాదు. పైగా మన దేశంలో ప్రమాద బాధ్యత కూడా సడలింది. 2010 నాటి చట్టం యంత్రాలు సరఫరా చేసిన కంపెనీ మీద దావాకు దారి ఉంచింది. 2025 డిసెంబరులో పార్లమెంటు ఆమోదించిన కొత్త చట్టం ఆ దారిని చాలావరకు మూసేసింది. గెలిస్తే లాభం ఒకరిది, ఓడితే నష్టం వేరొకరిది అయినప్పుడు అవసరం ఎంత నిజమైనా ఆ పందెం చెల్లదు.

రెండో ఆక్షేపణ పుట్టనివాళ్ల గురించి. వాళ్లను అడగలేం, అడగలేనివాళ్ల సమ్మతి కావాలంటే ఏ పనీ చేయలేం, గోదావరికి ఆనకట్ట కూడా కట్టలేకపోయేవాళ్లం అంటారు. కాటన్ ఆనకట్ట పూర్తయి నూటడెబ్భై ఏళ్లు దాటింది, దాన్ని ఈ తరం తిరిగి కట్టుకోగలదు, కావాలంటే తీసేయగలదు. వాడిన అణు ఇంధనంలో పుట్టే ప్లుటోనియం సగానికి తగ్గడానికే 24,000 ఏళ్లు పడుతుంది. రాజరాజ నరేంద్రుడి నుంచి మన దాకా గడిచింది వెయ్యేళ్లు. ఫిన్లాండ్ ఒల్కిలుటో దగ్గర నాలుగు వందల మీటర్ల లోతున రాతిలో శాశ్వత నిక్షేపం తవ్వింది. అంటే పని అసాధ్యం కాదు. మన దేశంలో అలాంటిది ఇంకా లేదు. పుట్టనివాళ్లను అడగలేనప్పుడు ఇంటిపెద్దకు మిగిలేది వాళ్ల తరఫున లెక్క రాసే బాధ్యత. వాళ్లకు కరెంటు అందదు, కాపలా మాత్రం మిగులుతుంది. కాపలా అవసరం లేకుండా చేసే నిక్షేపం కట్టి, దాని ఖర్చు ఈ తరం బిల్లులోనే వేసుకుంటే అప్పుడు ఒడ్డుతున్నది మనదే అవుతుంది. ఆ రేటుకు అణువిద్యుత్తు కొనడానికి నాకు అభ్యంతరం లేదు.

కనుక కొవ్వాడ కరెంటు ఒప్పందం నియంత్రణ మండలి ముందుకు వచ్చే రోజున ఈ నగరం రేటు ఎంత అని మాత్రమే అడిగి ఊరుకోకూడదు. బహిరంగ విచారణలో మాట్లాడే అవకాశం కొనే జిల్లాలతో పాటు రణస్థలం ఊళ్లకూ ఉండాలి. సియాటిల్ చేయించినట్టు మన అవసరం ఎంత, పొదుపూ సూర్యరశ్మీ తీర్చగలిగేది ఎంత అన్న అధ్యయనం ఒప్పందానికి ముందే ప్రజల చేతికి రావాలి. ఆ ఊళ్లు కాదంటే ఏం చేయాలన్నది అసలు పరీక్ష. కాదన్నా కట్టే ఉద్దేశం ఉన్నప్పుడు అడగడం వట్టి తంతు. వాళ్లు కాదంటే మన నగరం ఆ కరెంటు వద్దనాలి, దానివల్ల వచ్చే కోతలూ పెరిగే చార్జీలూ మనమే మోయాలి. పోలవరంలో కొండరెడ్లను ఇలా అడిగి ఉంటే మనం ఆ మాటకు కట్టుబడేవాళ్లమా అన్న ప్రశ్నను కూడా ఆ విచారణలో, వాళ్ల ఎదుటే, మనం వినవలసి ఉంటుంది.