నూకలు చెల్లాయా, ఎర్త్ తెగిందా?

కరెంటు షాక్‌తో ఎవరైనా పోయారని వింటే మన నోట ముందుగా వచ్చే మాట "భూమ్మీద నూకలు చెల్లాయి" అనే. తడిబట్టలు దండెం తీగ మీద ఆరేస్తున్న ఇల్లాలైనా, ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఫ్యూజు వేయబోయిన రైతైనా, బోరు మోటారు స్టార్టరు మీద చెయ్యి పెట్టిన కౌలుదారైనా ఇదే మాట. బతికి బయటపడితే ఆయుష్షు గట్టిదంటాం. ఈ మాటకు మన ధర్మం, మన తత్వశాస్త్రం నిజంగా పూచీ పడతాయా అన్నది నా ప్రశ్న. పడవని నా వాదన. పిడుగు పడితే విధి అనొచ్చేమో గానీ, పిడుగుకూ కరెంటుకూ తేడా ప్రభుత్వ లెక్కల్లోనే ఉంది. జాతీయ నేర గణాంకాల సంస్థ ఏటా ప్రమాద మరణాల లెక్క తీస్తూ పిడుగుపాటును ప్రకృతి శక్తుల పద్దులో రాస్తుంది, విద్యుదాఘాతాన్ని ఇతర కారణాల పద్దులో వేస్తుంది. ఇటీవలి సంవత్సరాల్లో ఒక్క విద్యుదాఘాతంతోనే దేశంలో ఏటా 12,000 మందికి పైగా పోతున్నారు. ఇంతమందికీ నూకలు ఒకే తీరుగా చెల్లాయనడం విధిని నమ్మడం కాదు, విధి మీదకి నెట్టేయడం.

ఇది ఇవాళ పుట్టిన సందేహం కాదు. చరక సంహిత విమానస్థానం మూడో అధ్యాయంలో అగ్నివేశుడు గురువైన ఆత్రేయుణ్ని ఈ సంగతే సూటిగా అడుగుతాడు: ఆయుష్షుకు కాలం ముందే ఖాయమై ఉంటుందా, ఉండదా? ఆత్రేయుడు మొహమాటపడడు. అందరి ఆయుష్షూ ముందే ఖాయమైతే మందులెందుకు, మంత్రాలెందుకు, మదించిన ఏనుగు ఎదురొస్తే పక్కకు తప్పుకోవడమెందుకు అని ఎదురు ప్రశ్న వేస్తాడు. ఆపైన బండి ఇరుసు సంగతి చెబుతాడు. మంచి ఇరుసు తన కాలం నడిచి అరిగిపోతుంది, అది కాలమరణం. అదే ఇరుసు మోయలేని బరువు వేసినందుకో, దారి బాగాలేనందుకో, కందెన పెట్టనందుకో నడిమధ్యలో విరిగితే అది అకాలమరణం. కందెన పెట్టని బండివాడు ఇరుసు తలరాతను తిడితే ఆత్రేయుడు ఒప్పుకోడు. భగవద్గీత పద్దెనిమిదో అధ్యాయం ఏ పనికైనా ఐదు కారణాలు చెబుతుంది: అధిష్ఠానం, కర్త, కరణాలు, రకరకాల చేష్టలు, దైవం. దైవాన్ని కాదనలేదు. కానీ లెక్కలో దాన్ని ఐదోదిగా పెట్టింది. మనం మొదటి నాలుగూ చూడకుండానే ఐదోదాని దగ్గరికి పరుగెత్తుతున్నాం.

ఆ నాలుగూ ఒక వంటింట్లో చూద్దాం. ఇప్పుడే కడిగిన నేల, చెప్పుల్లేని కాళ్లు, ఇనప ఒళ్లున్న పాత ఫ్రిజ్. లోపలెక్కడో ఇన్సులేషన్ చెడి ఫేజు వైరు బాడీకి తగిలింది. ఎర్త్ సరిగ్గా ఉంటే లీకైన కరెంటు ఆ వైరు పట్టుకుని భూమిలోకి పోతుంది. ఆ ధాటికి ఫ్యూజు కొట్టేస్తుంది, లేదంటే లీకేజీని పసిగట్టే ఆర్‌సీసీబీ పడిపోతుంది. ఎర్త్ లేకపోతే ఆ కరెంటుకు మనిషే దారి. తడిసిన ఒంటి నిరోధం సుమారు 1,000 ఓములనుకుంటే 230 వోల్టులకు ఒంట్లోంచి పారేది 230 మిల్లీ ఆంపియర్లు, ఆంపియర్‌లో పావువంతైనా లేదు. 16 ఆంపియర్ల ఎంసీబీ దాన్ని పట్టించుకోదు. అది వైరును కాపాడటానికి పెట్టింది, మనిషిని కాపాడటానికి కాదు. గుండె లయ తప్పడానికి మాత్రం అంత కరెంటు చాలా ఎక్కువ. మనిషి కోసం పెట్టే ఆర్‌సీసీబీ 30 మిల్లీ ఆంపియర్లకే పడిపోయేది అందుకే. నేల, మనిషి, పరికరం, వైరింగు చేసినవాడి పని, అన్నీ మన చేతిలోవే. వీటిలో ఏ ఒక్కటి సరిగ్గా ఉన్నా ఆ ప్రాణం నిలిచేది.

ఇక్కడే ఉంది వైరింగు విద్యకున్న అసలు చిక్కు. కుండ ఓటిదైతే నీళ్లు కారి తెలుస్తుంది. ఎర్త్ లేని ఇంట్లో మాత్రం బల్బు వెలుగుతుంది, ఫ్యాను తిరుగుతుంది, గ్రైండరు పిండి రుబ్బుతుంది. తప్పు పని ఒప్పు పనిలాగే ఏళ్ల తరబడి నడుస్తుంది. మూడు పిన్నుల ప్లగ్గు సాకెట్‌లో పట్టకపోతే మూడో పిన్ను విరిచేసినా మిక్సీ తిరుగుతూనే ఉంటుంది. అనుభవం ఇక్కడ పాఠం చెప్పదు, పైగా అబద్ధం చెబుతుంది. సాకెట్‌లో పైన ఉండే పెద్ద కన్నం ఎర్త్‌ది. అందులో టెస్టరు పెడితే లైటు వెలగదు. వెనక మంచి ఎర్త్ ఉన్నా వెలగదు, అసలు వైరే లేకపోయినా వెలగదు. ఇంకో మాయ కూడా ఉంది. ఎర్త్ లాగడానికి గొయ్యి లేనిచోట కొందరు న్యూట్రల్ నుంచి బెత్తెడు వైరు ముక్క తీసి ఎర్త్ కన్నానికి కలిపేస్తారు. ఫేజుకూ ఎర్త్‌కూ మధ్య టెస్ట్ ల్యాంపు పెడితే ధగధగా వెలుగుతుంది, యజమాని తృప్తి పడతాడు. ఎప్పుడో గాలివానకు బయట న్యూట్రల్ ఊడుతుంది. ఫ్రిజ్ ఆగిపోతుంది. కరెంటు పోయిందనుకుని ఇల్లాలు తలుపు తీయబోతుంది. ఆ క్షణాన తలుపు హ్యాండిల్‌కు 230 వోల్టులు ఉన్నాయి. ఆ బెత్తెడు ముక్కే ఆ కరెంటును అక్కడికి తెచ్చింది.

జ్ఞానానికి ప్రత్యక్షం ఒక్కటే ఆధారమన్నది చార్వాకుల మతంగా చెబుతారు. నైయాయికులు దానికి అనుమానం, ఉపమానం, శబ్దం కలిపి నాలుగు ప్రమాణాలన్నారు. ఎర్తింగ్ విషయంలో చార్వాకుడు బతికి బట్టకట్టలేడు. కంటికి కనబడేదంతా సవ్యంగానే ఉంటుంది కనుక. ఇక్కడ పనికొచ్చేది అనుమానం, అంటే న్యూట్రల్ తెగితే ఏమవుతుందో తెగకముందే లెక్కకట్టే బుద్ధి. దానికి తోడు శబ్దం, అంటే తెలిసినవాడు చెప్పిన మాట, రాసిపెట్టిన ప్రమాణం. ఎర్తింగ్‌కు ఐఎస్ 3043, ఇంటి వైరింగుకు ఐఎస్ 732 ఉన్నవి అందుకే. ఎర్త్ గొయ్యి ఎంత లోతు, జీఐ పైపు ఎంత పొడవు, ఎర్త్ టెస్టరులో ఎన్ని ఓములు రావాలి, ఇవన్నీ ఎవరో లెక్కగట్టి రాస్తేనే తెలిసేవి.

మా మేస్త్రీ ఏ బడికీ పోలేదు, ఇరవై ఏళ్లుగా వందల ఇళ్లకు వైరింగు చేశాడు, ఎవరికీ ఏమీ కాలేదు కదా అంటారు. చూసి నేర్చుకోవడాన్ని నేను తక్కువ చేయను. వడ్రంగం, నేత, కుమ్మరం అలాగే వచ్చాయి. గోడ కొట్టడం, పైపు వంచడం, వైరు లాగడంలో ఆ మేస్త్రీ చేతి పనితనం ఐటీఐ కుర్రాడికి రాకపోవచ్చు కూడా. అయితే గురువును చూసి శిష్యుడు పట్టుకోగలిగేది ఫలితం కనబడే పనినే. ఫలితం కనబడని పనిలో గురువు తప్పు కూడా ఒప్పులాగే శిష్యుడికి దిగుతుంది, తరానికో ఎర్త్ తగ్గుతుంది. ఎవరికీ ఏమీ కాలేదన్నది రుజువు కాదు. ఆ ఇళ్లలో ఇన్సులేషన్ ఇంకా చెడలేదనే దాని అర్థం. ఐటీఐలో ఎలక్ట్రీషియన్ ట్రేడుకు రెండేళ్లు పెట్టింది, వైరింగుకు లైసెన్సున్న కాంట్రాక్టరు, సర్టిఫికెట్ ఉన్న సూపర్‌వైజరు, పర్మిట్ ఉన్న వైర్‌మన్ ఉండాలని నియమాలు పెట్టింది ఊరికే కాదు. ఆ కాగితాలు చదువు లేకుండా కూడా చేతికొస్తాయన్నది నిజమే. అది కాగితం ఇచ్చినవాళ్ల తప్పు, చదువుది కాదు.

ఇంకో అభ్యంతరానికి బలముంది. అన్నీ తెలిసిన లైన్‌మన్‌లు కూడా స్తంభాల మీద పోతున్నారు కదా, అది దైవం కాకపోతే ఏమిటి? లైన్‌మన్ సబ్‌స్టేషన్‌లో ఎల్‌సీ (లైన్ క్లియర్) తీసుకుంటాడు, లైను ఆగుతుంది. ఎవరి ఇంట్లోనో జనరేటరు ఆన్ చేస్తే, ఛేంజోవరు స్విచ్ లేకపోతే, కరెంటు వెనక్కి లైనులోకి వస్తుంది. అతను పని మొదలెట్టేముందు లైనుకు ఎర్త్ రాడ్లు తగిలిస్తే ఆ కరెంటు భూమిలోకి పోతుంది. రాడ్లు ఇవ్వకుండా స్తంభం ఎక్కించి దైవం అనడం న్యాయం కాదు. అన్నీ చేశాక కూడా జరిగేది ఉంటుంది, ఒప్పుకుంటాను. గీత ఐదో చోటు ఖాళీ పెట్టింది దానికే. కానీ ఆ చోటు చాలా ఇరుకు. దేవుడి పని మీద ఉన్నవారికి కూడా మినహాయింపు లేదు. 2022 ఏప్రిల్‌లో తంజావూరు దగ్గర కలిమేడులో రథానికి హైటెన్షన్ తీగ తగిలి 11 మంది చనిపోయారు. భక్తి తక్కువై పోయారని ఏ ఆస్తికుడైనా అనగలడా? రథం ఎత్తు ఎంత, తీగ ఎత్తు ఎంత అన్న ప్రశ్న ముందు వేయాలి.

చావింటికి వెళ్లి ఎర్త్ గురించి ఉపన్యాసం ఇస్తామా అంటే, ఇవ్వకూడదు. బిడ్డ పోయిన తల్లికి తలరాత అన్న మాట ఊరట, దాన్ని ఎవరూ లాక్కోకూడదు. కానీ ఆ మాట ఆమెది. ఎర్త్ గొయ్యి డబ్బులు మిగుల్చుకున్న బిల్డరుది కాదు, వేలాడే తీగను నెలల తరబడి చూసీ వదిలేసిన ఆఫీసుది అంతకన్నా కాదు. 2002లో మధ్యప్రదేశ్ విద్యుత్ బోర్డు కేసులో సుప్రీంకోర్టు ఈ గీతే గీసింది. రోడ్డు మీద తెగిపడ్డ తీగ తగిలి సైకిలు మీద వెళ్తున్న మనిషి చనిపోతే, ఎవరో కొక్కెం వేసి కరెంటు దొంగిలించబోతే తీగ పడిందన్న బోర్డు వాదనను కోర్టు వినలేదు. ప్రమాదకరమైన వస్తువును సరఫరా చేసేవాడిదే బాధ్యత అంది.

దసరాకు కటింగ్ ప్లయరుకూ టెస్టరుకూ మీటరు బోర్డుకూ బొట్టుపెట్టే దేశం మనది. అది మంచి ఆచారం, మానొద్దు. ఇల్లు కట్టేటప్పుడు బోరు ఏ మూల, వంటిల్లు ఏ దిక్కు అని వాస్తు పండితుణ్ని రెండుసార్లు పిలుస్తాం, గృహప్రవేశానికి ముహూర్తం పెట్టిస్తాం. ఆ ముహూర్తానికి వారం ముందు ఎలక్ట్రీషియన్‌ను పిలిచి ఎర్త్ టెస్టరుతో కొలిపించండి, ఎన్ని ఓములు వచ్చిందో తేదీ వేసి కాగితం మీద రాయించుకోండి. సాకెట్ విప్పించి ఆ బెత్తెడు ముక్క ఉందేమో కళ్లారా చూడండి. ఎండాకాలంలో ఎర్త్ గొయ్యిలో నీళ్లు పోయండి. ఆర్‌సీసీబీ మీద టెస్ట్ అని రాసిన చిన్న బటన్ ఉంటుంది, నెలకోసారి నొక్కండి. అది పడిపోకపోతే ఆ రోజే మార్పించండి.