నీరు లేనప్పుడు నది ఎక్కడుంటుంది?

ఏడాదిలో ఎక్కువ నెలలు పెన్నలో కనిపించేది ఇసుకే. కర్ణాటకలో నందికొండల దగ్గర పుట్టి, మొదట ఉత్తరానికి నడిచి, అనంతపురం సీమలో తూర్పుకు మళ్లి, కడప, నెల్లూరు దాటి 597 కిలోమీటర్ల తర్వాత సముద్రంలో కలిసే ఈ ఏటిని ‘ఎండిన నది’ అనేస్తాం. పన్నెండు పుష్కర నదుల్లో దీని పేరు లేదు. పవిత్రతను కూడా నీళ్లతోనే కొలుస్తామా?

నీరే నది అందామంటే, పెన్న మీది సోమశిల జలాశయం దగ్గర ఆ మాట నిలవదు. శ్రీశైలం జలాశయం నుంచి పోతిరెడ్డిపాడు మీదుగా వచ్చే కృష్ణ నీళ్లు పెన్నలో కలిసి సోమశిలకు చేరతాయి, అక్కణ్నుంచి కండలేరు మీదుగా చెన్నై వాళ్ల దాహం తీరుస్తాయి. సోమశిలలో కృష్ణ ఎంత, పెన్న ఎంత అని ఎవరు విడదీయగలరు? పోనీ, దారే నది అందాం. గండికోట దగ్గర ఎర్రమల కొండను నిలువునా కోసిన లోయను చూస్తే ఎవరైనా ఒప్పుకుంటారు. కానీ ఆ దారిలో పరుచుకున్న ఇసుకను ఏమనాలి?

ఎండాకాలంలో ఆ ఇసుకలో చెలమ తీస్తే నీళ్లూరతాయి. ఊటకాలువలు తవ్వి పొలాలకు పారించుకున్న రైతులకూ, కడవ ముంచుకున్న ఆడవాళ్లకూ నది ఎండిపోలేదు, కిందికి దిగిందంతే. ఇసుక తోడేవాడు ‘నీళ్ల జోలికి పోలేదుగా’ అంటాడు. నీటిని దాచే చోటునే తీసుకుపోయాక ఇక పోవలసింది ఏముంది?

ఏటికి తన దారి మీద హక్కు ఉందా? ఈ ప్రశ్న తేలిక కాదు, ఎందుకంటే ఆ దారి పక్కనే మనుషుల ఇళ్లూ ఉన్నాయి. 2021 నవంబరు 19న పెన్న ఉపనది చెయ్యేరు పొంగి అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగింది. పులపత్తూరు, మందపల్లి, తొగూరుపేటల్లో ఇళ్లు, పశువులు, ప్రాణాలు పోయాయి. అక్కడ నదిని తప్పుపట్టలేను. దిగువన నిద్రపోతున్నవాళ్లనూ తప్పుపట్టలేను. గేట్లు, గట్లు, హెచ్చరికలు మనుషుల చేతుల్లోని పనులు. జవాబు చెప్పాల్సింది ఆ చేతులే.

ఇసుక తవ్వకానికి అనుమతి ఇచ్చేదీ మనుషుల చేతులే. అందుకే ఒక్కటి అడుగుతున్నాను. ఇసుక రీచ్‌కు అనుమతి ఇచ్చే ముందు చుట్టుపక్కల ఊళ్ల బావుల్లో నీటిమట్టం కొలవండి. ఆ లెక్కను గ్రామసభలో అందరికీ వినబడేలా చదవండి. మట్టం పడిపోతున్న చోట తవ్వకం ఆపండి.