గుడ్డు వెనకున్న కోడి

తిరువూరు వైపు భోజనానికి పిలిచేవాళ్లు ముందే ఆరా తీస్తారు: "నీచు అసలు ముట్టరా, గుడ్డు వరకు తింటారా?" ముక్క ముట్టకపోయినా గుడ్డు తినేవాళ్లు మాలో తక్కువేమీ కాదు. ఫారం గుడ్డుకు పుంజు తోడు ఉండదు, ఎన్నాళ్లు పొదిగించినా పిల్ల రాదు, ఇక హింస ఎక్కడిదని వాళ్ల వాదన.

పిల్ల రాదన్నది నిజమే. 1942లో ఆగాఖాన్ ప్యాలెస్ నిర్బంధంలో ఆరోగ్యం మీద పుస్తకం రాస్తూ గాంధీజీ కూడా, పాలు తాగేవారు అలాంటి గుడ్డుకు అభ్యంతరం చెప్పనక్కర్లేదన్నారు. మన ఆహార చట్టం మాత్రం పాలను శాకాహారంలో ఉంచి, గుడ్డు కలిసిన కేకు మీద మాంసాహారపు గుర్తు వేయిస్తుంది.

నాకు మాత్రం గుడ్డులో ప్రాణముందా అన్నది అసలు ప్రశ్నే కాదు. దాని వెనక పోయిన ప్రాణాల మాటేమిటి? లేయర్ కోడిపిల్లల్లో సగం మగవి. అవి గుడ్లు పెట్టవు, మాంసానికి త్వరగా ఎదగవు. అందుకే హేచరీల్లో పుట్టిన రోజే వాటిని చంపేస్తారు. బతికిన పెట్ట రెక్క చాచే చోటైనా లేని బోనులో ఏడాదికి 300 దాకా గుడ్లు పెట్టి, అవి తగ్గగానే మాంసానికి పోతుంది. మగపిల్లలను ఇలా చంపడాన్ని జర్మనీ 2022 నుంచి నిషేధించింది. గుడ్ల ఉత్పత్తిలో దేశంలోనే ముందున్న రాష్ట్రం మనది. ఈ ప్రశ్న ముందుగా మనమే వేసుకోవాల్సింది.

ఇదే న్యాయం పాలకూ వర్తిస్తుంది. గేదెకు మగదూడ పుడితే దాని గతేమవుతుందో పాడి ఉన్న ఇళ్లకు తెలుసు. గాంధీజీ పాలనూ గుడ్డునూ ఒకేచోట నిలబెట్టడంలోని బరువు నాకు అక్కడే అర్థమవుతుంది. పెరుగన్నం తినే నాకు, గుడ్డు తినేవాళ్ల కంటే పవిత్రుణ్ణని చెప్పుకునే అర్హత లేదు.

అయినా ఈ తర్కాన్ని సర్కారు బడి పిల్లల కంచం దాకా లాగడం నాకు సమ్మతం కాదు. కూలికెళ్లే ఇంటి బిడ్డకు మధ్యాహ్న భోజనంలోని ఒక్క గుడ్డు సుమారు 6 గ్రాముల మాంసకృత్తులు ఇస్తుంది. తినని పిల్లలను బలవంతపెట్టకూడదు. తినే పిల్లల గుడ్డు తీసేయమనే హక్కు తినని పెద్దలకు లేదు.

నా లెక్కలో గుడ్డు శాకాహారం కాదు. తినేవాళ్లు ఆ పేరు తగిలించుకోకుండా తినండి, కోడికి బోను కంటే మెరుగైన బతుకు కావాలని ఫారాలను అడగండి. మానేసినవాళ్లు బడి గుడ్డు జోలికి వెళ్లకండి.