చుట్టాలకి కాస్త పని మిగల్చు

అమ్మడూ,

ఈ సంక్రాంతికి రెండు వైపులవాళ్ళనీ హైదరాబాదులో మీ ఇంటికే రమ్మన్నావని మీ అమ్మ చెప్పగానే నాకు కడుపు నిండిపోయింది. కోనసీమ నుంచి మేము, జగిత్యాల నుంచి మీ అత్తమామలు, నీ ఆడపడుచు, ఆవిడ పిల్లలు. నీ పెళ్ళయ్యాక రెండు కుటుంబాలూ ఒకే ఇంట్లో పండగ చేసుకోవడం ఇదే మొదలు. అయితే మీ అమ్మ ఇంకో మాట కూడా చెప్పింది. మేం దిగేసరికి పిండివంటలన్నీ డబ్బాల్లో సర్దేసి, తోరణాలు కట్టేసి, బొమ్మల కొలువు తీర్చేసి ఉంచాలని ఆఫీసుకి సెలవు పెట్టి మరీ పని మొదలుపెడుతున్నావట. వచ్చినవాళ్ళు కాళ్ళు కడుక్కుని కూర్చుంటే చాలు, అంతా నేనే చూసుకుంటానన్నావట. నీ ప్రేమ నాకు తెలుసు తల్లీ. కానీ అలా చెయ్యకు. మాకూ కాస్త పని ఉంచు.

చేతిలో పని లేని చుట్టం ఎంత దగ్గరివాడైనా సోఫా అంచునే కూర్చుంటాడు. టీ తాగుతాడు, ప్రయాణం ఎలా జరిగిందో చెబుతాడు, చలి సంగతి రెండు ముక్కలు మాట్లాడతాడు, ఆ తర్వాత ఫోను తీస్తాడు. మీ అమ్మా, మీ అత్తగారూ వియ్యపురాళ్ళయ్యారన్న మాటేగానీ, పెళ్ళి హడావిడిలో ఒకరికొకరు బొట్టు పెట్టుకోవడం తప్ప తీరిగ్గా మాట్లాడుకున్నదెప్పుడు? ఎదురెదురుగా కూర్చోబెట్టి మాట్లాడుకోండంటే ఏం మాట్లాడతారు పాపం! అదే పక్కపక్కన పీటలేసి, మధ్యలో చిక్కుడుకాయల గంప పెట్టి చూడు. ఈనెలు తీయడం అయ్యేలోపు ఒకరి పుట్టింటి కథ ఇంకొకరికి తెలిసిపోతుంది.

మన ఊళ్ళో ధనుర్మాసం అంతా ఇలాగే గడిచేది. డిసెంబరు 16 ప్రాంతంలో నెల పట్టగానే వాకిళ్ళలో ముగ్గులు మొదలు. కోతలైపోయి ధాన్యం ఇంటికొచ్చేది, చేతికి కాస్త తీరిక చిక్కేది. ఎవరింట్లో అరిసెలు వండితే ఆ పూట ఇరుగుపొరుగు ఆడవాళ్ళంతా అక్కడే. మర్నాడు ఇంకో ఇల్లు. ఎవరినీ పేరుపేరునా పిలవనక్కర్లేదు, పాకం వాసనే పిలుపు. పండగ మూడు రోజులే అయినా, మనుషులు దగ్గరయ్యేది ముందు జరిగే ఆ పనిలోనే. ఆ పనంతా నువ్వొక్కదానివే చేసేసుకుంటే మాకు మిగిలేవి డబ్బాలే.

అరిసెల సంగతే చూడు. అది ఒంటిచేతి వంట కాదు. కొత్త బియ్యం అన్నానికి ముద్దవుతుంది గానీ అరిసెకి అదే కావాలి. ముందురోజు రాత్రి నానపోసి, పొద్దున వడగట్టి, గుడ్డ మీద నీడపట్టున ఆరనివ్వాలి. చేతికి తడి తెలియాలి గానీ నీళ్ళు కారకూడదు. ఆ తడి మీదే పిండి పట్టించి, జల్లించి, ఆరిపోకుండా గిన్నెలో అదిమి మూత పెట్టాలి. గుప్పిట పట్టి వదిలితే ముద్ద విడిపోకుండా నిలవాలి. మనింట్లో కిలో బియ్యానికి ముప్పావు కిలో బెల్లం లెక్క. ఇక పాకం దగ్గర కన్ను తిప్పకూడదు. పక్కన పళ్ళెంలో నీళ్ళు పెట్టుకుని చుక్క వేసి చూస్తూ ఉండాలి. మెత్తని ఉండలా చేతికి వచ్చిందా, పొయ్యి ఆపెయ్యాలి. లేతగా ఉంటే అరిసె నూనెలో విచ్చిపోతుంది, ముదిరితే గట్టిపడి మా వయసువాళ్ళ పళ్ళకి లొంగదు. సరిగ్గా ఆ క్షణంలో ఒకరు పిండి పోస్తుంటే ఇంకొకరు ఆపకుండా కలియబెట్టాలి. ఆ తర్వాత ఆకు మీద తట్టేవాళ్ళు ఒకరు, వేయించేవాళ్ళు ఒకరు, తీసిన అరిసెని రెండు గరిటెల మధ్య నొక్కి నూనె పిండేవాళ్ళు ఒకరు.

ఈ వంటలో నలుగురైదుగురికి చోటుంది, చూశావా? పాకం చూడ్డం మీ అమ్మకి వదిలెయ్యి, ఆవిడ కన్ను తప్పదు. తెడ్డు తిప్పడానికి జబ్బ బలం కావాలి, అది మీ ఆయనకివ్వు. తట్టడం నీ ఆడపడుచుకి. నూనె నొక్కే పని మీ నాన్నకి అప్పగిస్తే ఆయన స్టూలు లాక్కుని పొయ్యి దగ్గరే కూర్చుంటాడు. మగవాళ్ళని వంటింటి గడప అవతలే కూర్చోబెట్టే అలవాటు మా తరం నుంచి మీకు రావద్దు. పిల్లలకి తలో చలిమిడి ముద్ద పెట్టి, దాని మీద గసగసాలో నువ్వులో అద్దమను. సగం నేల మీద పడతాయి. పడనీ.

సకినాల రోజు మాత్రం పెత్తనమంతా మీ అత్తగారిది. ఆ రోజు మేమంతా ఆవిడ దగ్గర నేర్చుకునేవాళ్ళం. మన వైపు సకినాలు లేవు, వాళ్ళ వైపు అవి లేనిదే సంక్రాంతి లేదు. నాకైతే అదెంతో ముచ్చటగా ఉంటుంది. అదే కొత్త బియ్యప్పిండి, అవే నువ్వులు. మనం బెల్లం పాకంలో పోస్తే అరిసె, వాళ్ళు ఉప్పూ వామూ కలిపి చుట్టితే సకినం. శుభ్రమైన పాత పంచెను నేల మీద పరిచి, పిండిని వేళ్ళ మధ్య మెలి తిప్పుతూ చుట్టు మీద చుట్టు వేస్తారు. కాస్త ఆరాక విరగకుండా తీసి నూనెలో వేస్తారు. చూడ్డానికి తేలిగ్గానే ఉంటుంది, వేళ్ళకి పట్టుబడాలంటే ఓపిక కావాలి. మీ అత్తగారు నా పక్కన కూర్చుని నా చెయ్యి పట్టుకుని తిప్పించాలని నా కోరిక. ఈ వయసులో కొత్త పని నేర్పించుకోవడంలో ఒక సుఖం ఉంది. ఆవిడకీ మీ ఇంట్లో తనకంటూ ఒక గద్దె ఉందని తెలుస్తుంది. పేరుకి ఇల్లు కొడుకుదే అయినా, కోడలు ఒక్కతే అంతా చేసి పెడుతుంటే అత్తగారు అతిథిలాగే ముడుచుకుంటుంది. ఇది ఎన్నో ఇళ్ళల్లో చూశాను.

ఇక్కడ నీకు గట్టిగా చెప్పవలసింది ఒకటుంది. పని పంచాక దిద్దడానికి వెళ్ళకు. ఎవరో చుట్టిన సకినం వంకరపోతే వంకరగానే వేగనీ. పిల్ల వేసిన ముగ్గులో ఒక చుక్క తప్పితే, ఆ పిల్ల పడుకున్నాక చెరిపి మళ్ళీ వెయ్యకు. పొద్దున లేచి చూసుకున్న పిల్లకి మరి చెయ్యి ముందుకు రాదు. పెద్దవాళ్ళైనా అంతే, పైకి చెప్పరు.

ముందే చేసి ఉంచవలసిన పనులు వేరే ఉన్నాయి. నీ ఓపికంతా వాటి మీద పెట్టు. మీ మామగారికి మోకాళ్ళ నొప్పులు, నాకూ అంతే. చలికాలం రాత్రి చాప మీద పడుకోలేం. మంచాలు చాలకపోతే పరుపుల కింద ఇంకో బొంత వేయించు. బాత్‌రూములో వేడినీళ్ళు ఎటు తిప్పితే వస్తాయో వచ్చిన రోజే అందరికీ చూపించు. మీకు అలవాటే గానీ, కొత్తవాళ్ళు అడగడానికి మొహమాటపడి చన్నీళ్ళే పోసుకుంటారు. ఈ చలికి పెరుగు తోడుకోదు. పాలు ఒక పిసరు వేడిగా ఉండగానే, తోడు కాస్త ఎక్కువ వేసి, గిన్నెకి తువ్వాలు చుట్టి వంటింటి మూల పెట్టు. ఇడ్లీ పిండి పులియడానికీ రాత్రి ఒక్కటీ చాలదు, సాయంత్రానికే రుబ్బేసుకో. రెండో గ్యాసు సిలిండరు నిండుగా ఉందో లేదో చూసుకో. మందులు వేసుకునేవాళ్ళ వేళలు అడిగి పెట్టుకో.

వంటల జాబితా కూడా కత్తిరించు తల్లీ. పద్దెనిమిది రకాలు వండి, తినే వేళకి నువ్వు చెమటతో నిలబడి ఉంటే మాకు ముద్ద దిగుతుందా? భోగి నాడు నువ్వులద్దిన సజ్జరొట్టె, చిక్కుడుకాయ కూర, గుమ్మడికాయ పులుసు. పెద్ద పండగ నాడు కొత్త బియ్యంతో పొంగలి, పులిహోర, ఒక పప్పు, ఒక వేపుడు. కనుమకి మినుము తినాలంటారు కాబట్టి గారెలు, దాంతో నాటుకోడి పులుసు. చాలు. ఏ పూటకా పూట వడ్డన ఒకరికి అప్పజెప్పి, నువ్వు పంక్తిలో అందరితో పాటు కూర్చుని తిను. మనవాళ్ళకి పులుపు కావాలి గానీ మీ అత్తవారింట పులుపు ఎక్కువ ఉండదు. పులుసు రెండు గిన్నెల్లో తియ్యి, గొడవుండదు.

ఇంటి అలంకారానికి బజారు నుంచి ప్లాస్టిక్ దండలు తేవద్దు. ఈ కాలంలో బంతి, చామంతి దొరికినంత ఇంకెప్పుడూ దొరకవు. భోగి ముందురోజు సాయంత్రం హాల్లో దుప్పటి పరిచి పూలు కుప్ప పొయ్యి. నేలమీద కూర్చోలేని మాలాంటివాళ్ళం కుర్చీల్లోనే గుచ్చుతాం. మీ మామగారికి మామిడాకులూ పురికొసా ఇస్తే తోరణం ఆయనే కడతారు. నేను వరి కంకుల కుచ్చులు తెస్తాను, బాల్కనీలో వేలాడదీద్దాం. మన ఊళ్ళో చూరుకి కట్టేది పిచ్చుకల కోసమే. మీ దగ్గర పిచ్చుకలు రాకపోయినా ఏదో ఒక పిట్ట వాలుతుంది.

బొమ్మల కొలువు పూర్తిగా పిల్లలది. మెట్లు బేసి సంఖ్యలో ఉండాలని చెప్పి పక్కకి తప్పుకో. నీ పుట్టింటి కొండపల్లి బొమ్మలు మీ అమ్మ తెస్తుంది, ఏటికొప్పాక లక్క బొమ్మలు నేను తెస్తాను, మీ ఆడపడుచుని నిర్మల్ బొమ్మలు ఉంటే తెమ్మను. దేవుడి పక్కన రైలు బండి పెట్టినా, ఏనుగు మీద కారు ఎక్కించినా ఏమీ అనకు.

ముగ్గు విషయంలో ఒక కోరిక. మీ అంతస్తులో నాలుగు గుమ్మాలు ఉన్నాయన్నావు కదా. కనుమ నాడు వేసే రథం ముగ్గుకి తాడు గీసి పక్కింటి ముగ్గుతో కలపడం మన ఆచారం. ఊళ్ళో వీధి వీధంతా అలా ఒక్క తాడు మీద ఉండేది. ఆ నాలుగు గుమ్మాల వాళ్ళనీ ముందురోజే అడుగు. ఏ భాష వాళ్ళైనా ఫరవాలేదు, ముగ్గు రాకపోతే మన పిల్లలు వేసి పెడతారు. తాడు మాత్రం ఆ ఇంటివాళ్ళ చేతే గీయించు. భోగి మంటకి అపార్ట్‌మెంటు వాళ్ళ అనుమతి ముందే తీసుకుని, కింద ఖాళీ స్థలంలో చిన్న మంట వేద్దాం. పిడకలూ ఎండు కొమ్మలే. ప్లాస్టిక్కులూ టైర్లూ ఎవరైనా తెస్తే వద్దని మర్యాదగా చెప్పు. చలికాలం పొగ కిందే ఉండిపోతుంది, పసిపిల్లలకి ఊపిరాడదు.

భోగి సాయంత్రం మీ బుజ్జిగాడికి రేగిపళ్ళు పోసేటప్పుడు తొలి దోసిలి వాళ్ళ నాయనమ్మ చేత పోయించు. మేమంతా ఆ తర్వాతే. రేగిపళ్ళు, చెరుకు ముక్కలు, పూరేకులు, చిల్లర కలిపేది పెద్ద పిల్లలు. నాణేలు వాడి నోట్లోకి పోకుండా ఒకరు పక్కనే ఉండాలి.

గాలిపటాలకి మేడ ఎక్కితే నీ కన్ను పిల్లల మీదే ఉండాలి. నైలాన్ మాంజాని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2017లోనే దేశమంతటా నిషేధించింది, అయినా దొంగచాటుగా అమ్ముతారు. బండి మీద వెళ్ళే మనిషి మెడ కోసే దారం అది. నూలు దారమే కొనమని మీ ఆయనకి చెప్పు, కొన్నాక నువ్వు చేత్తో తడిమి చూడు.

కనుమ నాడు కాకైనా కదలదంటారు, ఆ రోజు ఎక్కడికీ ప్రయాణం పెట్టుకోవద్దు. మన కోనసీమలో ఆ రోజు జగ్గన్నతోటలో ప్రభల తీర్థం. పదకొండు ఊళ్ళ శివుళ్ళు ప్రభలెక్కి గుడీ గోపురం లేని కొబ్బరితోటకి చేరుకుంటారు, కొన్ని ప్రభల్ని కౌశిక కాలువ నీళ్ళలోంచి కూడా మనుషులు భుజాల మీదే మోసుకొస్తారు. ఈ ఏడు నేను చూడలేను, ఆ సాయంత్రం ఫోనులో పెట్టి మీ అత్తమామలకి చూపిద్దాం. వాళ్ళు కొమరవెల్లి మల్లన్న జాతర సంగతి చెబుతారు.

ముక్కనుమ నాడు అందరం కలిసి అనంతగిరికి పోదాం. వికారాబాదు దగ్గర, మీకు రెండు గంటల దారి. మూసీ పుట్టింది అక్కడే, అనంతపద్మనాభస్వామి గుడి ఉంది, చెట్ల నీడ ఉంది. తెల్లవారుజామున బయలుదేరదామని మగవాళ్ళు అంటారు, ఒప్పుకోకు. పొగమంచు విడిచి ఎండ పొడ వచ్చాకే కదులుదాం. అక్కడ తినడానికి కొత్తగా ఏమీ వండొద్దు. పులిహోర, దద్ధోజనం, మిగిలిన అరిసెలు, సకినాలు. విస్తరాకులు, రెండు చాపలు, తాగునీళ్ళు, చెత్త వెనక్కి తేవడానికి ఒక సంచి. మా కోసం మడత కుర్చీలు రెండు. చెట్టు కింద అందరూ తిన్నాక కాసేపు ఎవర్నీ లేపకు, ఎక్కడికీ తిప్పకు. చూసి తీరవలసిన చోట్ల పట్టీ రాసుకోకు.

మేం భోగికి రెండు రోజుల ముందే పొద్దున గౌతమి రైల్లో దిగుతాం. స్టేషనుకి మీ తమ్ముడిని పంపితే చాలు, నువ్వు రాకు. బియ్యం మాత్రం కొనకు, మన చేలో పండిన కొత్త బియ్యం నేను తెస్తున్నాను. బెల్లం అక్కడే కొను, మరీ పసుపుపచ్చగా మెరిసేది కాకుండా ముదురు రంగుది చూసి తీసుకో. నువ్వులు ఎన్ని కావాలో మీ అత్తగారిని అడిగి నాకు చెప్పు.

మీ అమ్మమ్మ