నొప్పి తెలియని చెయ్యి



కుష్ఠరోగియైన రాజనగానే మనకు ఉజ్జియా జ్ఞాపకమునకు వచ్చును. అతడు గర్వించి దేవాలయములో ధూపము వేయబోగా నొసట కుష్ఠు కనబడెననియు, మరణమువరకు వేరొక యింట నుండెననియు రెండవ దినవృత్తాంతముల గ్రంథము 26వ అధ్యాయములో చదువుదుము. ఆ యొక్క సంగతిని బట్టి ఈ రోగము ఎవరికి వచ్చినను పాపఫలమేయని మనలో అనేకులము తలంచుచున్నాము. అట్టి మనము మరియొక రాజు సంగతి వినవలెను.

అతడు యెరూషలేములో ఏలిన నాలుగవ బాల్డ్విన్. 1161లో పుట్టెను. ఇంచుమించు 9 ఏండ్ల ప్రాయమున తోడి బాలురతో ఆడుకొనుచుండగా, వారు ఒకరి చేతులనొకరు గోళ్లతో గిచ్చుకొనిరి. తక్కినవారు కేకలు వేసిరి గాని బాల్డ్విన్ నోరు మెదపలేదు. అతని గురువగు విలియము అది ఓర్పు అనుకొనెను. పరీక్షింపగా కుడిచెయ్యి సగము మొద్దుబారియుండెను. తరువాత తూరు పట్టణపు ఆర్చిబిషప్పయిన ఈ విలియమే ఆ సంగతిని తన చరిత్రలో వ్రాసియుంచెను. వైద్యులు వచ్చిరి, తైలములు మర్దించిరి, గుణము కనబడలేదు.

1174లో తండ్రి చనిపోగా ఆ బాలుడు 13 ఏండ్లకే రాజాయెను. ఏండ్లు గడచినకొలది చూపు పోయెను. చేతులు, కాళ్లు స్వాధీనము తప్పెను. 1183లో శత్రువులు కెరకు కోటను ముట్టడింపగా అతనిని డోలీలో మోసికొనిపోయిరి. 1185లో మరణించెను. ఆనాటి యుద్ధములను మనము మెచ్చుకొనుట లేదు. అయినను రోగియని అతని కిరీటమును ఎవరును తీసివేయలేదు. మరి ఆడుకొను ఆ పసివాడు ఏ ధూపార్తిని చేతపట్టెను?

ఈ రోగము సూక్ష్మక్రిమివలన కలుగునని 1873లో నార్వే వైద్యుడు హాన్సెన్ కనుగొనెను. నొప్పి లేకపోవుటయే దీని మోసము. పాలిపోయిన మచ్చ దురద పెట్టదు, సలపదు. పొయ్యిదగ్గర చెయ్యి కాలినను తెలియదు. 1980వ దశకమునుండి కొన్ని మందులు కలిపి యిచ్చు వైద్యము వచ్చినది. 6 నెలలుగాని 12 నెలలుగాని తప్పక మ్రింగినచో రోగము కుదురును. ప్రభుత్వ ఆరోగ్యకేంద్రములో అది ఉచితము. రాజునకు దొరకని మందు నేడు కూలివానికి దొరకుచున్నది.

అయినను మచ్చను దాచుకొనువారున్నారు. ఎందుకు? మన ముఖములకు భయపడి. పిల్ల పెండ్లి తప్పిపోవునేమో, ప్రభువు బల్లయొద్ద పాత్ర అందియ్యరేమో అని భయపడి. క్రైస్తవుల విడాకుల చట్టములో సైతము కుష్ఠు ఒక కారణముగా నుండెను. 2019లో పార్లమెంటు దానిని తీసివేసెను. చట్టము మారినది, మన మనస్సులు మారినవా?

ప్రభువునకు ఒక్క మాట చాలియుండెను. అయినను ఆయన కుష్ఠరోగిని చేతితో తాకెను. తోడివాని వేదన తెలియని సంఘము మొద్దుబారిన చెయ్యివంటిది. అది కాలుచున్నను ఎరుగదు. కాబట్టి ప్రియులారా, ఎవరి ప్రక్కన ఎవరును కూర్చుండరో వారి చాపమీద ఈ ఆదివారము మనము కూర్చుందము. మచ్చ దాచుకొనువానిని చెయ్యి పట్టుకొని ఆరోగ్యకేంద్రమునకు తోడుకొనిపోదము. అట్టి కృప ప్రభువు మనకు దయచేయును గాక. ఆమేన్.